గుమ్మం పట్టని సెప్టెంబరు

చట్రం నేనే చేశాను.
రెండు బారల పొడవు, నా ఎత్తు మీద మరో జానెడు.
ముడులు లేని పైన్ చెక్క, ఏరి ఏరి.
"ఇంత పెద్దది దేనికి?" అంటే
"కొండ చిన్నదా?" అంది తూలిక్కి,
గోళ్ల సందుల్లో రంగు గీక్కుంటూ.

పిల్లలు తగ్గి మూతబడిన బడి మాది.
దాని ఆటల హాల్లో, తాళ్లు వేలాడే గోడకి
కాన్వాసు ఆనించాం.
నేలమీద ఇంకా బాస్కెట్‌బాల్ గీతలు.
ఒక గీత మీద నిలబడి
ఊరికే చూసింది చాలాసేపు,
చేతిలో బంతి లేని ఆటగత్తెలా.

తొమ్మిది సెప్టెంబర్లు వెళ్లాం పోరోవారా కొండకి.
రుస్కా అంటాం మేం ఆ రోజుల్ని.
పట్టుమని పది.
ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే
లాప్‌లాండ్ నేల అంటుకుంటుంది.
మోకాలెత్తు లేని మరుగుజ్జు భూర్జాలు
ముందు ఎర్రబడి
పెద్ద చెట్లకి దారి చూపిస్తాయి.
నలుగురం, ఒక పాత వ్యాను,
హిల్క్కా మసిబట్టిన కాఫీ గిన్నె,
ఎస్కో చెప్పిందే చెప్పే ఎలుగుబంటి కథ.
ఏడాదికో మూర పెరిగేది ఆ ఎలుగు.

మేం బెర్రీలు ఏరుకుంటే
ఆమె బిస్కట్ డబ్బా మూతల మీద
రంగులు ఏరుకునేది.
మొత్తం నలభై ఒక్క మూతలు.
ఒకదాని మీద వాన చినుకుల మచ్చ.
ఒకదానికి దుప్పి ఈగ అతుక్కుని ఎండిపోతే
తీసెయ్యలేదు. "అదీ అక్కడిదే కదా."

ఆ మూతలన్నీ నేలమీద పరిచి
చలికాలమంతా నిచ్చెన ఎక్కింది, దిగింది.
ముందు ఎరుపు అయిపోయింది.
హెల్సింకి నుంచి పార్సిల్ వచ్చేదాకా
నాలుగు వారాలు ఆకాశం వేసుకుంటూ కూర్చుంది.
బూడిదరంగులో అన్ని అరలుంటాయని
నాకు అప్పటిదాకా తెలీదు.

అయిదో ఏడు పడమటి వాలు నరికేశారు.
మొద్దులూ, చక్రాల గాళ్లలో నిలిచిన నీళ్లూ.
యంత్రం నడిపింది ఎస్కో కొడుకే.
ఆ ఏడు ఎలుగుబంటి బయటికి రాలేదు.
బొమ్మలో ఏం చేస్తావని అడగలేక అడిగాను.
నరికిన వాలూ వేసింది, నరకని చెట్లూ వేసింది:
ప్రతి మొద్దు మీదా నీళ్లంత పలుచగా
పక్కకెళ్లి చూస్తేనే కనబడే చెట్టు.

ఏప్రిల్లో అందర్నీ పిలిచింది.
హిల్క్కా కళ్లజోడు తుడుచుకుని
"గుడిసె ఎడమవైపు కదా ఉండాలి" అంది.
ఎస్కో వాలు ముందు ఆగిపోయాడు,
చేతులు వెనక్కి కట్టుకుని.
హాల్లో ఎవరూ దగ్గలేదు కూడా.
చివరికి, "మావాడు గుర్తుపడతాడు" అన్నాడు.
అది మెప్పో నొప్పో
వెనకనుంచి ఎలా తెలుస్తుంది.

కుడిచేతి మూల మాత్రం, చాపంత మేర,
రంగు తగలని తెల్లటి గుడ్డ.
"అవలేదా ఇంకా?"
"అయింది. ఏడో ఏడు పొగమంచు అది.
నువ్వు తప్పిపోయావే, రెండు గంటలు.
నేనక్కడ లేను. చూడనిది ఎలా వేస్తాను?"

దగ్గరికెళ్లి నిలబడ్డాను.
ఆ తెలుపులో నావి నాకున్నాయి:
బూటులో చేరిన బురదనీళ్ల చలి,
ఎటునుంచో తెలీని రెయిన్‌డీర్ మెడగంట,
ఈల వేద్దామంటే తడారిపోయిన పెదాలు.
అవి ఎవరికీ చెప్పలేదు. ఆమె అడగలేదు.

తీరా ఇంటికి మోసుకుపోదామంటే
గుమ్మం పట్టలేదు.
కొలతలు నావే, తప్పూ నాదే.
తలుపు ఊడదీశాను, ద్వారబంధం ఊడదీశాను,
ఇంకా బెత్తెడు మిగిలింది కొండ.
విప్పి చుట్టేస్తే రంగు పగులుతుందట.
రంపం తెస్తానన్నాను.
"దేనికి? చట్రానికా, గోడకా?"

రంపం ఇప్పటికీ ఆ గోడకే ఆనించి ఉంది.
ఆగస్టు సగమైంది.
వ్యాను టైర్లలో గాలి చూడాలి.